దుమ్ము పడని అయిదడుగులు

మాది నమ్మకాలకు కొదవ లేని ఇల్లు. ఆదివారం ఆరాధన, భోజనానికి ముందు ప్రార్థన, ప్రయాణానికి ముందు ఇంకో ప్రార్థన. ఇన్ని ఉన్నా, ఆ జాబితాలో దెయ్యానికి ఏనాడూ చోటివ్వలేదు. చిన్నప్పుడు పాలకొల్లులో మా వీధి చివరి పాడుబడ్డ ఇంట్లో ఏదో ఉందని పిల్లలందరూ చుట్టూ తిరిగి వెళ్తుంటే, నేను మాత్రం దాని వసారాలోంచే ట్యూషన్‌కు వెళ్ళేవాణ్ణి. అది ధైర్యం కాదు, బద్ధకం. ఇవాళ్టికీ నేను నమ్మనన్న మాట మీదే ఉన్నాను. కింద రాసినది చదివి మీరేమైనా అనుకోండి. అనుకునే ఓపిక నాకైతే అయిపోయింది.

నా పేరు ప్రభుదాసు. పేరుకే ప్రభువు దాసుణ్ణి. కొన్నేళ్ళుగా నేను చేస్తున్న దాస్యమంతా దుమ్ముకే. గ్రేటర్ నోయిడాలో పన్నెండో అంతస్తులో ఉంటాం. మా టవరు చుట్టూ ఇంకా కడుతున్న టవర్లు నాలుగున్నాయి. నా భార్య కరుణ ఒక ఆసుపత్రిలో నర్సింగ్ ఇన్‌ఛార్జి. మా అమ్మాయి షారోనుకు తొమ్మిదేళ్ళు. మేం తెలుగులో అడుగుతాం, అది హిందీలో జవాబిస్తుంది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

మా మూడో గదిలో ఎనిమిదడుగుల బల్ల మీద నాకొక సొంత రైల్వే ఉంది. వేలి వెడల్పు పట్టాలు, స్టేషను, లెవెల్ క్రాసింగు, కొండ, సొరంగం, రెండు రైళ్ళు. ఇలాంటి దాన్ని ఈ సరదా ఉన్నవాళ్ళు లేఅవుట్ అంటారు. నేను ఫోనులో ‘లేఅవుట్ పూర్తయింది’ అన్నప్పుడు మా అత్తగారు ఢిల్లీలో ఇళ్ళ స్థలాలు కొన్నాననుకుని చర్చిలో సాక్ష్యం కూడా చెప్పేశారు. అసలు సంగతి తెలిశాక ఆవిడ నాతో మాట్లాడటానికి రెండు నెలలు పట్టింది.

బొమ్మల మీద దుమ్ము పడితే ఏమిటి అనేవాళ్ళకు ఒక్క మాట. ఈ రైలుకు కరెంటు పట్టాల్లోంచే వస్తుంది. పట్టా మీద పలచటి పొర పేరుకుంటే చాలు, ఇంజను ఆగిపోతుంది. వేలితో తోస్తే నాలుగంగుళాలు పోయి మళ్ళీ ఆగుతుంది. వేలితో తోసుకునే రైలు కోసం నేను ఇంజనీరింగు చదివి ఉండక్కర్లేదు.

నేను చేయని ప్రయత్నం లేదు. బల్ల మీద ప్లాస్టిక్ షీటు కప్పాను. తీసేటప్పుడు అది చిటపటలాడుతూ ఊళ్ళో దుమ్మంతా తన మీదకు లాక్కుని, ఒక్కసారిగా సొరంగం మీద కుమ్మరించింది. కరుణ పాత నూలు చీర కప్పాను. దాని నూగు చక్రాలకు చుట్టుకుని ఇంజనుకు గడ్డం వచ్చింది. వాక్యూమ్ క్లీనరు పెడితే స్టేషన్ మాస్టరును మింగేసింది. అరగంట వెతికి సంచిలోంచి బయటికి తీశాను, ఆయన జెండా మాత్రం దొరకలేదు. పెళ్ళిరోజుకు నేనే కొనిచ్చిన మేకప్ బ్రష్షుతో పట్టాలు తుడిచాను. ఆ రోజు కరుణ నాకు దుమ్ము దులిపింది.

పనికి వచ్చే మీనా దీదీ ఒకసారి నా అవస్థ చూసి జాలిపడి, నేను లేనప్పుడు ఫినాయిలు నీళ్ళతో బల్లంతా తుడిచేసింది. పచ్చరంగు రంపపు పొట్టుతో నేను నెలరోజులు పరిచిన పచ్చిక బయలంతా బకెట్టులోకి వచ్చేసింది.

“మైనే తో అచ్ఛే సే సాఫ్ కియా, భయ్యా” అంది. బాగానే చేసింది, చెక్క కనిపించేదాకా. అప్పట్నుంచి ఆ గదికి తాళం వేస్తున్నాను. తాళం చెవి నా దగ్గరే ఉంటుంది.

ఇంతవరకు ఇది నా గోల మాత్రమే. కిందటి డిసెంబరులో షారోను గోలగా మారింది. రెండు చలికాలాలుగా దానికి పిల్లికూతలు, దగ్గు. ఈసారి డాక్టరు ఉబ్బసమని తేల్చి చెప్పారు. తివాచీలు, మెత్తటి బొమ్మలు, దుమ్ము పట్టేవి ఏవీ ఇంట్లో ఉండకూడదన్నారు. కరుణ ఆ సాయంత్రమే కర్టెన్లు విప్పేసింది. తర్వాత మూడో గది తలుపు దగ్గర నిలబడి నా రైల్వే వంక చూసింది. ఖాళీ చేయించాల్సిన రోగి మంచాన్ని చూసినట్టు చూసింది.

“వేసవి సెలవులిచ్చే దాకా టైమిస్తున్నాను. ప్రతి ఆదివారం నేనే చూస్తాను. అప్పటికీ ఈ బల్ల మీద దుమ్ముంటే బల్ల ఉండదు. పిల్లకు ఊపిరి కావాలి, ప్రభూ. నీకు రైలు కావాలి. రెండూ ఒక ఇంట్లో కుదిరితే నాకేం కష్టం లేదు” అంది.

షారోనుకు ఆ గదిలోకి ప్రవేశం లేదు. గుమ్మం బయట స్టూలు వేసుకుని కూర్చుని, ముక్కుకు మాస్కు పెట్టుకుని రైలు చూసేది. “పాపా, ట్రైన్ కో మత్ జానే దేనా” అనేది, రైలును పోనివ్వొద్దని. అంటే పందెంలో ఉన్నది నా సరదా ఒక్కటే కాదు.

అలా ప్రతి ఆదివారం ఆరాధన నుంచి రాగానే మా ఇంట్లో వార్డు రౌండు మొదలైంది. కరుణ ఆసుపత్రిలో కట్లు కట్టే తెల్లటి గాజ్ గుడ్డ మడిచి, పదిచోట్ల అద్ది, కిటికీ వెలుతురులో చూపించేది. ప్రతిసారీ బూడిదరంగే. నేను వారమంతా స్పిరిట్ దూదితో తుడిచినా అదే రంగు. “ప్రోగ్రెస్ లేదు” అనేది. రోగిని నేనే అన్నట్టు ఉండేది.

జనవరిలో నేను ఇంకో తెలివి తక్కువ పని చేశాను. మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో వసంత్ కుంజ్ నుంచి ఒక ఆంటీ మెసేజి పెట్టారు. ఆవిడ భర్త రైల్వేలో పనిచేసి రిటైరై, ఏడాది కిందట పోయారట. పెద్ద ఫ్లాటు వదిలి చిన్న పోర్షనులోకి మారుతున్నారు. ఆయన చేత్తో చేసిన రైలు పట్టాల చెక్క ఒకటుంది, నడిపేవాళ్ళెవరైనా ఉంటే ఊరికే తీసుకెళ్ళమన్నారు. నేను గ్రేటర్ నోయిడా నుంచి రెండు గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళి తెచ్చుకున్నాను.

అయిదడుగుల చెక్క. దాని మీద తిన్నని లైను. కొన్న పట్టాలు కావవి. పట్టాల కింద అడ్డంగా వేసే ఒక్కో స్లీపరూ కర్రలోంచి కోసి, ఒక్కో పట్టానూ గుండుసూది తలంత మేకులతో బిగించి, అసలు కంకరను నూరి జల్లెడ పట్టి పోశారు. పక్కన ఒక సిగ్నల్ స్తంభం, లైను బాగుచేసే గ్యాంగు మనుషులు పనిముట్లు దాచుకునే చిన్న గది. నేనిన్నేళ్ళలో చేసిందంతా దాని ముందు పిల్లాట. నా బల్లకు ముందువైపు, స్టేషనుకీ లెవెల్ క్రాసింగుకీ మధ్య నా పాత లైను తీసేసి దాన్ని అమర్చాను.

“ఉన్నదానికే దిక్కు లేదు, ఇంకో అయిదడుగులా?” అంది కరుణ.

ఫిబ్రవరిలో ఆఫీసు పని మీద తొమ్మిది రోజులు బెంగళూరు వెళ్ళాను. గదికి తాళం. తాళం చెవి నా బ్యాగులో. తిరిగొచ్చింది ఆదివారం పొద్దున. దుమ్ము తుడిచే వ్యవధి లేకుండా ఆరాధనకు, అక్కణ్ణుంచి నేరుగా వార్డు రౌండుకు. తొమ్మిది రోజుల దుమ్ము. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. కరుణ గుడ్డ అద్దుతూ వెళ్ళింది. కొండ బూడిద, స్టేషను బూడిద, సొరంగం నలుపు. తర్వాత గుడ్డను కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళింది.

“ఇక్కడ మాత్రం బాగా చేశావే” అంది.

ఆ అయిదడుగుల మీద అద్దిన గుడ్డ తెల్లగా ఉంది.

ఇక్కడ నేను చేసిన తప్పు దాచుకోను. “అవును, దానికి కొత్త పద్ధతి వాడుతున్నాను” అన్నాను. పెళ్ళైన పన్నెండేళ్ళలో శుభ్రత విషయంలో నాకు దక్కిన మొదటి మెప్పు అది. వదులుకోబుద్ధి కాలేదు. కరుణ ఏమంటుందో ఆ క్షణంలో నాకు తట్టలేదు.

“మరి ఆ పద్ధతి మిగతా వాటికి వాడటానికి ఏమొచ్చింది?” అంది.

ఆ మాటతో నా బతుకు అధ్వానమైంది. ఎవరు చేస్తున్నారో తెలియని పని స్థాయికి, నేను చేసే పనిని ఎక్కించాలి. వారం తర్వాత వారం అదే వరస. నేను రోజూ గంట తుడిచిన చోట బూడిద, వేలైనా పెట్టని చోట తెలుపు.

నేను లెక్క ప్రకారం పోయేవాణ్ణి. ఒక్కొక్కరినీ అనుమానించి కొట్టేసుకుంటూ వచ్చాను. మీనా దీదీని అడిగితే “ఉస్ కమరే మే తో మై ఝాంక్తీ భీ నహీ” అని చెవులు పట్టుకుంది. తొంగి కూడా చూడదట. షారోనుకు తాళం తీయడం రాదు. కరుణ అయితే అంతా తుడిచేస్తుంది, లేదా అంతా పారేస్తుంది. అయిదడుగులతో ఆగే మనిషి కాదు. అక్కడ గాలి తగిలే తీరే వేరేమో అనుకుని ఆ చెక్కను ఊడదీసి బల్ల వెనక్కి, గోడ వారకు మార్చాను. శుభ్రత దాంతోపాటే వెనక్కి వెళ్ళింది. ముందువైపు తిరిగి పెట్టిన నా పాత లైను రెండో రోజుకల్లా మసకబారింది. పాలిష్ వల్లేమో అనుకుని, మిగిలిన పాత పట్టా ముక్కకు అలాంటి వార్నిషే పూశాను. దానికి దుమ్ము ఇంకా బాగా అంటుకుంది.

భూతద్దం పెట్టి చూస్తే ఇంకో సంగతి తెలిసింది. ఆ చెక్క మీద కూడా అంతా శుభ్రంగా లేదు. పట్టాలు, స్లీపర్లు, కంకర మాత్రమే తళతళలాడుతున్నాయి. వాటికి అంగుళం దూరంలో ఉన్న సిగ్నల్ స్తంభం మీద దుమ్ము. చిన్న గది కప్పు మీద వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము. నాకు ఒళ్ళు జలదరించలేదు, ఒళ్ళు మండింది. ఇంత చేసేవాళ్ళు ఇంకో అంగుళం చేస్తే ఏం పోయింది?

నల్లటి చార్టు కాగితాన్ని తపాలా బిళ్ళలంత ముక్కలుగా కోసి, బల్ల మీద పదిచోట్ల పెట్టాను. నలుపు మీద దుమ్ము ఎంత పడేదీ స్పష్టంగా తెలుస్తుందని. వాటిలో ఒకటి ఆ లైను మీద, పట్టాల నడుమ. మర్నాడు పొద్దున చూస్తే తొమ్మిది ముక్కలు పెట్టినచోటే, బూడిద పూసుకుని ఉన్నాయి. పదోది లైను మీద లేదు. పక్కన, గోడవైపు, పట్టాలకు తగలకుండా వెల్లకిలా పెట్టి ఉంది. ఎగిరి పడినట్టు కాదు, పెట్టినట్టు ఉంది.

ఫ్యాను స్విచ్చి మీద టేపు అంటించాను. కిటికీ సందులు మూసేశాను. మళ్ళీ పెట్టాను. మళ్ళీ గోడవైపే. నాలుగు రోజులు వరసగా ఫొటోలు తీశాను, అవి ఇప్పటికీ నా ఫోనులో ఉన్నాయి. అయిదోరోజు కాగితం బదులు రూపాయి బిళ్ళంత బరువున్న ఇనుప వాషరు పెట్టాను. అదీ గోడవైపే.

సరే, కెమెరా పెడదామనుకున్నాను. పాత ఫోను స్టాండుకు బిగించి తెల్లారగానే రికార్డింగు మొదలుపెట్టి, తలుపు తాళం వేసి స్నానానికి వెళ్ళాను. వచ్చి చూస్తే ముక్క పక్కకు జరిగి ఉంది. ఆత్రంగా వీడియో తెరిచాను. నాలుగు నిమిషాలకే ఆగిపోయింది. మా బంధువులు పంపే గుడ్ మార్నింగ్ పువ్వులతో ఫోను నిండిపోయి చోటు లేదట. ఆ పూలన్నీ తుడిచేసి మర్నాడు మళ్ళీ పెట్టాను. ఈసారి మూడు గంటలపాటు చక్కగా రికార్డయింది. ముక్క కదల్లేదు. దుమ్ము కూడా అలాగే ఉంది. కెమెరా తీసేసిన మర్నాడు రెండు పనులూ పూర్తయిపోయాయి. మా ఆఫీసులో అందరూ కెమెరా ముందే పనిచేస్తారు, వెనక చేయరు. ఇది అందుకు సరిగ్గా తిరగేసి ఉంది.

ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి, ఒక ఆదివారం టీ దగ్గర మా పాస్టరుగారిని పక్కకు పిలిచాను. “అయ్యగారూ, దుమ్ము తుడిచే దెయ్యాలు ఉంటాయంటారా?” అన్నాను, నవ్వులాటకు అన్నట్టుగా.

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “ఉంటే ఇటు పంపించు బాబూ. ఇక్కడ ఫ్యాన్లు తుడవడానికి మనిషి దొరకడం లేదు” అన్నారు.

ఏప్రిలులో మళ్ళీ వసంత్ కుంజ్ వెళ్ళాను. ఆ మేకులు ఎక్కడ కొన్నారో కనుక్కుందామని ఒక సాకు చూసుకున్నాను. ఆంటీది గుంతకల్లు. ముప్ఫై ఏళ్ళు ఢిల్లీలో ఉన్నా ఆ యాస చెక్కుచెదరలేదు. ఒక గది, ఒక వంటిల్లు. టీ ఇచ్చి తనే మొదలుపెట్టారు.

“మా ఆయన గ్యాంగ్‌మ్యాన్‌గా చేరినాడు నాయనా. లైను మీద పొద్దున పూట నడిచి, మేకులు, బోల్టులు చూసుకుంటా పోయే పని. తర్వాత్తర్వాత పెద్ద ఉద్యోగమే వచ్చింది, ఆ నడక మాత్రం పోలా. రిటైరైనాక ఆ చెక్క చేసుకున్యాడు. పొద్దున్నే కుంచె పట్టుకోని దాని ముందర నిలబడేటోడు.”

“అంతా తుడిచేవారా ఆంటీ?” అన్నాను.

ఆవిడ నవ్వారు. “ఎక్కడ తుడుస్తాడు! లైను ఒక్కటే. ఆ సిగ్నలు మీద బూజున్నా ముట్టడు. అది సిగ్నలోళ్ళ పని అంటాడు. ఆ గది కప్పు బిల్డింగులు కట్టేటోళ్ళ పనంట. ఇంట్లోనూ అంతే. బల్బు మాడిపోతే ‘అది కరెంటోళ్ళ డిపార్ట్‌మెంటు’ అని చీకట్లోనే కూచుంటాడు. నేనే స్టూలెక్కేదాన్ని. లైను మీద మాత్రం చిన్న ఆకు పడినా ఓర్చుకోలేడు. తీసి గట్టు పక్కకు పెట్టినాకనే కాఫీ.”

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

గోడకు ఆయన ఫొటో. దాని కింద చెక్క అరలో జానెడు పట్టా ముక్క ఒకటుంది. అచ్చం నా దగ్గరున్నదాని లాంటిదే. అది మాత్రం ఇవ్వడానికి మనసు రాలేదని చెప్పారు. లేచి దగ్గరగా వెళ్ళి చూశాను. అర అంచున సన్నటి దుమ్ము గీత. పట్టా మీద ఒక్క నలుసు లేదు.

“అది నేనే రోజూ తుడుస్తాండా” అన్నారు ఆంటీ వెనక నుంచి. “లేచినాక మొదటి పని అదే.”

నాకు కావలసిన రుజువు చేతికందేంత దూరంలో ఉంది. ఒక్క వారం తుడవడం మానేసి చూడండి ఆంటీ అనాలి, అంతే. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆవిడ కొంగుతో ఆ ముక్క అంచును ఊరికే ఒకసారి ఒత్తారు. నేను మింగేశాను.

“రైలు బాగా నడుస్తాందా నాయనా?”

“నడుస్తోంది ఆంటీ.”

“అంతే చాలు” అన్నారు.

మే నెల వచ్చింది. సెలవులకు ఇంకా వారం ఉంది. ఆ రోజు పొద్దున స్పిరిట్‌తో పట్టాలు తుడిచి, వాసన పోతుందని కిటికీ తెరిచి ఆఫీసుకు వెళ్ళిపోయాను. మూయడం మరిచాను. హడావుడిలో తలుపుకు తాళం వేయడమూ మరిచాను. రెండూ నేనే చేశాను, ఏ దెయ్యం మీదా నెట్టను.

మధ్యాహ్నం మూడింటికి ఆంధీ లేచింది. ఈ ప్రాంతంలో ఎండాకాలం గాలిదుమారాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. ఆకాశం పసుపుపచ్చగా మారి, పది నిమిషాల్లో ఎదురు టవరు కనిపించకుండా పోతుంది. షారోను అప్పుడే బడి నుంచి వచ్చింది. మీనా దీదీ బాల్కనీలో బట్టలు తీస్తోంది. మూడో గది కిటికీ టపటపలాడటం విని, నాన్న రైలు పాడైపోతుందని షారోను లోపలికి పరుగెత్తింది. ఆ కిటికీ పలక దాని బలానికి లొంగలేదు. దీదీ వచ్చేసరికి గది మధ్య కూర్చుని ఉంది. ఊపిరి లోపలికి వెళ్తోంది, బయటికి రావడం లేదు.

దీదీ ఫోనులో “భయ్యా, బేబీ కీ సాఁస్…” అంటూ ఏడవడం మాత్రమే నాకు గుర్తుంది. కింది అంతస్తు వాళ్ళు కారులో కరుణ ఆసుపత్రికే తీసుకెళ్ళారు. నేను చేరేసరికి దాని ముఖానికి ఆక్సిజన్ మాస్కుంది. కరుణ యూనిఫారంలోనే మంచం పక్కన నిలబడి, దాని గోళ్ళ రంగు చూస్తోంది.

సాయంత్రానికి ఊపిరి కుదుటపడింది. షారోను మాస్కు జరిపి నాతో అన్న మొదటి మాట, “సారీ పాపా, ఖిడ్కీ బంద్ నహీ హుయీ.” కిటికీ మూయలేకపోయిందట.

బట్టలు తీసుకెళ్దామని ఇంటికి వచ్చి ఆ గది తలుపు తోశాను. బల్ల, కొండ, స్టేషను, రైళ్ళు, అన్నీ ఒకటే గోధుమరంగు. ఎక్కడ ఏముందో గుర్తుపట్టలేనంతగా కప్పేసింది. గోడవారన ఆ అయిదడుగుల లైను మాత్రం ఇవాళే వేసినట్టు మెరుస్తోంది.

జీవితంలో మొదటిసారి నేనొక చెక్క మీద అరిచాను. “పిల్ల ఊపిరాడక ఇక్కడ పడి ఉంటే నువ్వు పట్టాలు తుడుచుకుంటున్నావా! నీ డిపార్ట్‌మెంటు కాదా అది?” అని ఇంకా ఏవేవో అన్నాను. పక్క ఫ్లాటు అంకుల్ వచ్చి బెల్లు కొట్టి “సబ్ ఠీక్ హై?” అని అడిగేదాకా అరుస్తూనే ఉన్నాను.

కరుణ అడగకముందే నేనే తేల్చేశాను. మర్నాడే ఇక్కడి ఒక ఇంజనీరింగు కాలేజీ పిల్లల బొమ్మరైళ్ళ క్లబ్బుకు ఫోను చేశాను. వాళ్ళు టెంపో తెచ్చి బల్లతో సహా అన్నీ పట్టుకెళ్ళారు. బాధ లేదని చెప్పను. కొండను తలుపులోంచి దాటించడం కుదరక సగానికి కోశారు. నేను వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను.

ఆ చెక్కను మాత్రం వేరుగా పెట్టాను, ఆంటీకి తిరిగి ఇచ్చేద్దామని. షారోను డిశ్చార్జయి వచ్చిన రోజు దాన్ని హాల్లో చూసి ముందు కూర్చుంది. కరుణ లోపలికి వెళ్ళి గాజ్ గుడ్డ తెచ్చింది. ఆదివారం కూడా కాదు. సిగ్నల్ స్తంభాన్నీ చిన్న గదినీ తడిగుడ్డతో తనే తుడిచింది. తర్వాత పట్టాల మీద పొడవునా అద్దింది. గుడ్డ తెల్లగానే ఉంది. తిరగేసి చూసింది. ఇంకో గుడ్డ తెచ్చి మళ్ళీ అద్దింది.

“ఇది నువ్వు తుడవడం లేదు కదూ?” అంది.

“లేదు” అన్నాను. ఫిబ్రవరి నుంచి మోస్తున్న బరువు దిగింది.

కరుణ ఆ గుడ్డలు రెండూ మడిచింది. “నా కండిషను దుమ్ము గురించి. దీని మీద దుమ్ము లేదు. ఉండనీ” అంది. ఎలా అని అడగలేదు. ఆసుపత్రిలో ఇన్నేళ్ళు పనిచేసిన మనిషి. కారణం తెలియకుండా నయమైనవాళ్ళను కూడా ఇంటికి పంపించేస్తారట.

ఇప్పుడు ఆ చెక్క షారోను మంచం పక్కన, దిండు ఎత్తులో ఒక అర మీద ఉంది. ఒక ఇంజను, ఒక పెట్టె. అయిదడుగులు ముందుకు, అయిదడుగులు వెనక్కి. అర మీద దుమ్ము పడుతూనే ఉంది, దాన్ని నేను రోజూ తుడుస్తాను. లైను మీద పడదు. దిండు అక్కణ్ణుంచి రెండు జానల దూరం. ఆయన తుడిచే సెక్షను ఆ రెండు జానలు పెంచమని సిగ్గు విడిచి చాలాసార్లు అడిగాను. ఇంతవరకు మంజూరు కాలేదు.

ఒక్క విషయం మిగిలింది. ఉబ్బసం మందు పీల్చుకునే ఇన్‌హేలరును పడుకునే ముందు దిండు పక్కనే పెట్టుకోవాలని షారోనుకు కరుణ కట్టడి. అది మరిచిపోతుంది. ఇన్‌హేలరును సరుకుగా ఊహించుకుని గూడ్సు బండి ఆట ఆడి, లైను మీదే వదిలేసి నిద్రపోతుంది. వర్షాకాలం నుంచి ఇప్పటికి అయిదుసార్లు అలా వదిలేసింది. అయిదుసార్లూ పొద్దున అది లైను మీద లేదు. పక్కన ఉంది. నేను పెట్టిన కాగితాలు, వాషరు ప్రతిసారీ గోడవైపే చేరాయని చెప్పాను కదా. ఇన్‌హేలరు మాత్రం మంచంవైపు, దిండు అంచున, చెయ్యి చాపితే అందేచోట ఉంటోంది. మూడోసారి షారోనుకు తెల్లవారుతూనే ఆయాసం వచ్చింది. లేచి వెతుక్కోకుండానే చేతికి దొరికిందట.

పిల్ల నిద్రమత్తులో తనే తీసి పెట్టుకుంటోందని కరుణ అంటుంది. కావచ్చు. షారోనును అడిగితే “మైనే నహీ కియా” అంటుంది, తను కాదని. అదీ కావచ్చు. నా దగ్గర మూడో సమాధానం ఏదీ లేదు.

కెమెరా పెడితే ఒక్కరోజులో తేలిపోతుంది. ఫోనులో చోటు కూడా ఉంది. కానీ కెమెరా ఉన్న రోజు అక్కడ ఏదీ కదలలేదని నాకు తెలుసు. ఇన్‌హేలరు లైను మీదే ఉండిపోయే రాత్రి నాకు ఒక్కటి కూడా వద్దు. అందుకే పెట్టలేదు.